మిగిలిన వేపపుల్ల

ఓదెలుకు వచ్చిన చిక్కు చెప్పుకోవడానికి చిన్నదే. తుపాకి కొనాలి. డబ్బు ఒక్క తుపాకికే ఉంది. తుపాకులేమో రెండు కనబడుతున్నాయి.

ఆ డబ్బు అతనిది కాదు. అడవి అంచున ఉన్న మూడు గూడేలవాళ్లు ఇంటింటా జొన్నలు పోగుచేసి, సంతలో అమ్మి, ఆ సొమ్ము మూటగట్టి అతని చేతిలో పెట్టారు. అడవిపందులు ఏటా పంటలో సగం తిని, మిగతా సగం తొక్కి పోతున్నాయి. నిజాం రాజ్యం పోయిన కొత్తలు. ఏ కాగితం ఏ కచేరీలో ఎవరిస్తారో ఎవరికీ సరిగ్గా తెలియదు. అయినా పెద్దలు తిరిగి తిరిగి ఓదెలు పేరు మీద తుపాకి లైసెన్సు తెచ్చారు. ఇక తుపాకి తెచ్చి, వానకాలం పంట వేసేనాటికి కాపలా మొదలుపెట్టడమే అతని పని.

కరీంనగర్ దుకాణంలో ఉన్నది కొత్త తుపాకి. ఒకసారి పేల్చాక చేత్తో బోల్టు పైకి ఎత్తి, వెనక్కి లాగి, మళ్లీ ముందుకు నెట్టి దించాలి. అప్పుడుగానీ రెండో తూటా గొట్టంలోకి రాదు. అది కొంటే మూటలో ఇంకా కొంత మిగులుతుంది. ఆ మిగిలినదానితో రెండేళ్లు వాడుకున్నా తరగనన్ని తూటాలు వస్తాయి.

రెండోది బెల్లంపల్లి గనుల్లో పనిచేసిన ఇంగ్లీషు దొరది. ఆయన ఇంటి సామానంతా అమ్ముకుని దేశం వదిలిపోతున్నాడు. అది పాతదే. కానీ ట్రిగ్గర్ నొక్కితే తూటా పోతుంది, ఖాళీ తూటా తొడుగు దానంతట అదే బయటికి ఎగిరిపడుతుంది, ఇంకో తూటా దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. వేలు ఆడిస్తూ ఉంటే చాలు. దాని ధర మూటలో ఉన్నంతా. తూటాలకు మళ్లీ గూడేల గడపలు ఎక్కాలి.

లెక్కగా చూస్తే కొత్తదే కొనాలి. ఓదెలు మనసు మాత్రం పాతదాని దగ్గరే ఉంది. దానికి కారణం అతని అన్న గట్టయ్య కుడిచెయ్యి.

నిరుడు జొన్న కంకి వేసినప్పుడు గట్టయ్య మందు దట్టించి కొట్టే పాత భరమారు తుపాకితో చేను కాశాడు. పంది వచ్చింది. కొట్టాడు. దెబ్బ తగిలిందో లేదో తెలియలేదు కానీ పంది తిరగబడింది. రెండోసారి మందు దట్టిస్తుండగా వచ్చి మీద పడింది. పక్క చేలవాళ్లు ఈటెలతో ఉరికివచ్చి దాన్ని పొడిచి చంపేసరికి మోచేతి కింద చెయ్యి పనికిరాకుండా పోయింది. పందిని కోస్తే వెనక తొడలో చీముపట్టిన పాత గాయం, దాని లోపల నల్లబడ్డ సీసం ముక్క కనబడ్డాయి. సీసాన్ని పారేసేంత స్తోమత ఆ గూడెంలో ఎవరికీ లేదు. గట్టయ్య కోలుకున్నాక దాన్ని కడిగి, వాగుకు అడ్డంగా కట్టే తన చేపల వలకు బరువుగా కట్టుకున్నాడు.

"రెండో దెబ్బ చేతిల ఉంటే నా చెయ్యి నాకుండేది తమ్మీ," అని మాత్రం అప్పుడప్పుడూ అంటూ ఉంటాడు. కోపంతో కాదు, ఎండావానల గురించి చెప్పినట్టు చెబుతాడు. అందుకే అది ఓదెలు మనసులో అంత లోతుగా దిగింది.

ఓదెలు బెల్లంపల్లి వెళ్లి దొరను అడిగాడు. దొర మంచివాడే. "రెండు రోజులు వాడి చూడు. నచ్చితే డబ్బు తెచ్చియ్యి. లేకపోతే తుపాకి తెచ్చియ్యి," అని, పిడికెడు తూటాలు కూడా ఇచ్చాడు. ఓదెలు దాన్ని గొంగడిలో చుట్టుకుని నేరుగా మదార్ ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు.

మదార్ ఉస్తాద్ ఒకప్పుడు జాగీర్దార్ల వేటల్లో ముందు నడిచిన మనిషి. ఏ పులి ఏ వాగులో నీళ్లు తాగుతుందో ఆయన్ని అడిగేవారు. తర్వాత ఒక ఏడు ఏమైందో, ఒక ఫకీరు వెంట పోయాడు. తిరిగివచ్చి గుట్ట అంచున ఉన్న చిన్న దర్గాను ఊడ్చుకుంటూ, దాని పక్కనే గుడిసె వేసుకుని ఉండిపోయాడు. తాను తుపాకి పట్టడం మానేశాడు. పట్టుకునే అవసరం ఉన్నవాళ్లు వస్తే మాత్రం నేర్పేవాడు. పంట కాచుకునేవాళ్లకే నేర్పేవాడు, సరదాకు వచ్చేవాళ్లకు టీ ఇచ్చి పంపేవాడు.

ఆయన నేర్పే పద్ధతి ఒకటే. పేల్చినవాడు తుపాకి కింద పెట్టి, వేపపుల్ల ఒకటి పట్టుకుని, నడిచి వెళ్లి తన తూటా పోయిన చోట దాన్ని గుచ్చి రావాలి. వచ్చాకే రెండోసారి పేల్చాలి. ఎన్ని పేలిస్తే అన్ని పుల్లలు. అన్నీ గుచ్చేదాకా అన్నం లేదు, శిష్యుడికీ లేదు, గురువుకూ లేదు.

ఓదెలు ఆయన దగ్గర భరమారుతో నేర్చుకున్నాడు. భరమారు ఎటూ ఒక్కసారే పేలుతుంది. మళ్లీ మందు దట్టించేలోపు ఊరికే నిలబడేకన్నా నడిచి వెళ్లి పుల్ల గుచ్చి రావడమే మేలు. కాబట్టి ఆ పద్ధతి అతనికి ఎన్నడూ బరువు అనిపించలేదు. నిజానికి అదొక పద్ధతి అనే సంగతే మర్చిపోయాడు.

ఉస్తాద్ దర్గా వాకిలి ఊడుస్తున్నాడు. గొంగడి విప్పగానే చీపురు గోడకు ఆనించి వచ్చి కూర్చున్నాడు.

"ఏందిది?"

"దొర తుపాకి ఉస్తాద్. దానంతట అదే నింపుకుంటది."

"చూపియ్యి."

ఓదెలు చూపించాడు. ఉస్తాద్ దాన్ని ఒళ్లో పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఖాళీగా ఉందని చూసుకుని, లోపలి ఉక్కు ముక్కను వెనక్కి లాగి వదిలాడు. అది టక్కున ముందుకు పోయింది. ఆయన గడ్డం చాటున నవ్వు కదిలింది. మళ్లీ లాగాడు. మళ్లీ వదిలాడు.

"దీన్ని ఎనకకు నెట్టేది ఎవరు?" అన్నాడు.

"పేలిన దెబ్బే నెడుతదట. దొర చెప్పిండు."

"అంటే తన్నిన కాలే మళ్లీ కూర్చోబెడుతది అన్నమాట. ఎవడు కనిపెట్టిండో కానీ పనోడే." ఆయన ముఖంలో కొత్త బొమ్మ చేతికందిన పిల్లాడి సంబరం ఉంది. "నీకు నచ్చిందా?"

"నచ్చింది. కానీ దీనికే డబ్బంత పోతది. కొత్తది కొంటే తూటాలు కూడ వస్తయి. కాకపోతే చేత్తో తిప్పాలె."

"తిప్పితే ఏమైతది?"

"రెండో దెబ్బ ఆలస్యమైతది ఉస్తాద్. అన్న సంగతి మీకు ఎరుకే గద."

ఉస్తాద్ తుపాకిని గొంగడి మీద పెట్టాడు.

"ఆ ఆలస్యంల," అన్నాడు, "చెయ్యి బోల్టు తిప్పుతది. సరే. కండ్లు ఏం చేస్తయి?"

ఓదెలు ఆలోచించాడు. ఏ ప్రశ్న వేసినా అతను నమిలి నమిలిగానీ మింగడు. "కండ్లకేం పని ఉంటది? చెయ్యి కోసం ఆగుతయి," అన్నాడు.

ఉస్తాద్ లేచి, వేపకొమ్మ ఒకటి విరిచి, చాకుతో పుల్లలు చేయడం మొదలుపెట్టాడు. "పా. పొద్దు ఎక్కకముందే చూద్దాం. ఎంత తొందరగా కొట్టగలవో అంత తొందరగా కొట్టు. నాకూ చూడాలని ఉన్నది."

దర్గా వెనక బీడు ఉంది. బీడు చివర నిలువెత్తు పాత పుట్ట. చీమలు వదిలేసింది, పాములు చేరనిది, ఎవరూ పసుపు కుంకుమ పెట్టనిది. ఆ పుట్ట మీద సున్నపు చుక్క పెట్టి కొట్టడం ఓదెలుకు అలవాటే. పుట్ట వెనక పలచని టేకు చెట్లు, వాటి వెనక నేల కొంచెం లేచి, ఆవలికి లోయలోకి దిగిపోతుంది.

ఓదెలు నిలబడి తుపాకి భుజానికి ఆనించాడు. నొక్కాడు. పేలింది. చెయ్యి కదల్చకుండానే రెండోసారి పేలింది. మూడు, నాలుగు, అయిదు. ఖాళీ తొడుగులు కుడిపక్క గడ్డిలో మిడతల్లా ఎగిరిపడ్డాయి. చెవులు గింగురుమన్నాయి. భరమారుతో ఒక పూటంతా పట్టే పని ఊపిరి తీసేలోపు అయిపోయింది. అతనికి నవ్వు ఆగలేదు.

"చూసిండ్రా ఉస్తాద్?"

"విన్న," అన్నాడు ఉస్తాద్. "నువ్వు చూసి చెప్పు." అని అయిదు వేపపుల్లలు అతని చేతిలో పెట్టాడు.

ఓదెలు ఉత్సాహంగా నడిచాడు. సున్నపు చుక్కలో ఒక బొక్క. చుక్కకు జానెడు పైన ఇంకోటి. పుట్ట కొనకు, అంచు రాలిపోయి, మూడోది. మూడు పుల్లలు గుచ్చాడు. చుట్టూ తిరిగాడు. నాలుగోది లేదు. అయిదోది లేదు. వెనక్కి చూస్తే ఉస్తాద్ నీడలో కూర్చుని తలపాగా సర్దుకుంటున్నాడు.

ఓదెలు కొంచెం ఆలోచించి, మిగిలిన రెండు పుల్లలనూ సున్నపు చుక్కలో ఉన్న బొక్కలోనే దోపి, తిరిగి వచ్చాడు.

"అయిదూ గుచ్చిన."

ఉస్తాద్ లేచి వెళ్లి చూశాడు. ఒకే బొక్కలో మూడు పుల్లలు పువ్వులా విచ్చుకుని ఉన్నాయి.

"ఇవేంది?"

"మూడు ఒక్కదాంట్లనే పోయినయి. మొదటి దెబ్బలు కద, చెయ్యి కదలలే."

"మూడు తూటాలు ఒక్క బొక్కలనా?"

"అట్లనే ఉన్నది."

"మాషా అల్లా," అన్నాడు ఉస్తాద్. "నలభై ఏండ్లు దొరల వెంట తిరిగిన. ఇట్లాంటి చెయ్యి చూడలే. గుడిసెల గడ్డపార ఉన్నది, తేపో. మూడు సీసం ముక్కలూ తీసి దర్గాల పెట్టుకుంటం. వచ్చేటోళ్లు చూస్తరు."

ఆయన ముఖంలో ఎగతాళి లేదు. అదే ఓదెలుకు ఇబ్బందయింది. గడ్డపార తెచ్చి తవ్వాడు. పాత పుట్ట మట్టి రాయిలా ఉంది. చెమటలు కారాయి.

"పాము ఉంటే?" అన్నాడు మధ్యలో, కాస్త ఆగడానికి దొరికిన సాకుగా.

"ఉంటే నీ చప్పుడుకు పొద్దున్నే ఊరు మారి ఉంటది. తవ్వు."

చుక్క వెనక మూరెడు లోతున సీసం ముక్క దొరికింది. ఒకటే. ఓదెలు ఇంకొంచెం తవ్వాడు. ఆ పక్కన తవ్వాడు. పుట్ట అడుగుదాకా తవ్వినా ఇంకోటి దొరకదని అతనికి తెలిసిపోయాక కూడా నాలుగు పోట్లు వేసి, గడ్డపార దించాడు.

ఉస్తాద్ బొక్కలోంచి రాలిపోయిన రెండు పుల్లలూ వంగి ఏరి, మట్టి దులిపి, మళ్లీ అతని చేతికిచ్చాడు.

నాలుగోది దొరకడానికి పొద్దు నెత్తిమీదికి వచ్చింది. పుట్ట వెనక టేకు చెట్లను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు. ఒక చెట్టు మొదట్లో కాదు, నిలబడి చెయ్యి చాపితే అందేంత ఎత్తున, బెరడు చీలి తెల్లని చెక్క కనబడింది. వేలు పెడితే లోపల సీసం తగిలింది. ఓదెలు పుల్ల గుచ్చాడు. ఈసారి అతనికి నవ్వు రాలేదు.

"పైపైకి పోయినయి," అన్నాడు.

"అవును."

"పేలినప్పుడల్ల మూతి లేస్తున్నది. నేను దించేలోపే ఇంకోటి పోతున్నది."

"నువ్వే పంపుతున్నవ్," అన్నాడు ఉస్తాద్. "దానికి కాళ్లు లేవు."

అయిదోది ఇంకా పైకి పోయి ఉండాలి. టేకు చెట్లు దాటారు. నేల లేచి, లేచిన చోట ఇప్పచెట్లు మొదలయ్యాయి. ఇప్పపువ్వు రాలే కాలం. చెట్ల కింద నేలంతా ఊడ్చి శుభ్రంగా ఉంది. తెల్లవారుజాము నుంచీ ఆడవాళ్లు వచ్చి ఏరుకుని పోతారు. అందరూ వెళ్లిపోయారు. ఒక్క భీంబాయి మాత్రం గంప ముందు పెట్టుకుని, కాళ్లు చాపి, చుట్ట వెలిగించుకుని కూర్చుని ఉంది. కింది గూడెం ముసలమ్మ. ఆమె నోటికి పట్వారీ కూడా దారి తప్పుకుని పోతాడు.

"అవ్వా," అన్నాడు ఓదెలు, "ఇటుదిక్కు ఏమన్న వచ్చిందా?"

"వచ్చింది. ఎండల పనిలేని పిలగాడొకడు వచ్చి నా ముంగట నిలబడ్డడు."

"అది కాదవ్వా. పొద్దుగాల, చప్పుడు అయినప్పుడు."

"ఆ డబడబ నువ్వేనా? ఏడనో లగ్గం ఉన్నది, నన్ను పిలువలే అనుకున్న."

"చప్పుడు తర్వాత ఏమన్న విన్నవా?"

భీంబాయి చుట్ట బూడిద రాల్చింది. "తేనెటీగ అసొంటిది ఒకటి పోయింది. గుయ్యిమని. తేనెటీగ కాదు, దానికంటే కోపం మీద ఉన్నది. అది పోయినంక ఇగో, ఇది నా గంపల పడ్డది. బెరడూ పుల్లలూ పడి ఇంత పువ్వు ఖరాబైంది. దొంగ కోతి అనుకుని తిట్టిన."

ఆమె గంప పక్కనుంచి ఒక కొమ్మ తీసి చూపించింది. మొగ్గలున్న చిన్న కొమ్మ. విరిగింది కాదు. మొదట్లో ఎవరో కొడవలితో కోసినట్టు ఉంది.

ఉస్తాద్ తలెత్తి చెట్టు వైపు చూశాడు. కిందికి వేలాడే కొమ్మల్లో ఒకదాని కొస తెల్లగా తెగి ఉంది. ఓదెలు దాని కింద నిలబడ్డాడు. అది అతని గడ్డం ఎత్తున ఉంది.

"అప్పుడు నువ్వు ఏడున్నవ్ అవ్వా?" అని అడిగాడు.

"ఈడనే. వంగి ఏరుకుంటున్న. నడుము పట్టేసింది, లేద్దామనుకున్న. లేస్తే మళ్లీ వంగుడు కష్టం, ఇంకో పిడికెడు ఏరి లేద్దామని ఉన్న." ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "ఏమైంది పిలగా, గట్ల తెల్లబోయినవ్? తిన్నవా లేదా? ఉస్తాదూ, ఈ పోరనికి ఏమన్న పెట్టు."

"పుల్ల ఒకటి మిగిలింది," అన్నాడు ఉస్తాద్.

"మీకు మీ పుల్లలు, నాకు నా పువ్వు," అని భీంబాయి గంప నెత్తికెత్తుకుంది. ఓదెలు ఎత్తడానికి సాయం చేశాడు. నిలబడ్డ ఆమె నుదుటినీ, తెగిన కొమ్మనూ మార్చి మార్చి చూశాడు; రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి. చూడకుండా ఉంటే బాగుండేది అనుకున్నాడు.

తూటా కొమ్మను కోసి ఆగలేదు. ఇప్పచెట్ల ఆవల నేల లోయలోకి దిగుతుంది. లోయలో గూడెం. గుడిసెల మీంచి పొగలు లేస్తున్నాయి. ఉస్తాద్ దిగడం మొదలుపెట్టాడు. భీంబాయి ముందు, ఉస్తాద్ వెనక, ఓదెలు ఆ వెనక. దారంతా అతనికి ఒకటే పని. ఎవరైనా అరుస్తున్నారా, ఏడుస్తున్నారా అని వినడం.

గూడెంలో ఇంటింటి ముందూ ఆగారు. అందరూ ఉన్నారా అని ఉస్తాద్ అడిగాడు. ఉన్నారు. పశువులు వచ్చాయా? వచ్చాయి. కప్పు మీదగానీ గోడమీదగానీ ఏదన్నా వచ్చి పడ్డదా? పడలేదు. ఒకామె నవ్వి, "తుపాకి తెచ్చేది పందుల కోసం గద ఉస్తాద్, మమ్మల్ని లెక్కపెట్టుడు ఎందుకు?" అంది. ఆమె ఇచ్చిన జొన్నలు కూడా ఆ మూటలో ఉన్నాయి.

గూడెం వెనక చేలల్లో వెతికారు. వాగు ఒడ్డున వెతికారు. రాళ్ల మీద కొత్త గీత ఉందేమో చూశారు. వాగు ఇసుకలో పడితే దొరకదు. ఏ చెట్టు పైకొమ్మలోనో దిగితే కనబడదు. పొద్దు వాలింది. ఇద్దరూ పొద్దున్నుంచీ నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఉస్తాద్‌కు డెబ్భై ఏళ్లు దాటాయి. ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఆగి మోకాలు పట్టుకున్నాడు.

"మీరన్న తినుండ్రి ఉస్తాద్. తప్పు నాది."

"పద్ధతి నాది," అన్నాడాయన.

దర్గా ముందుకు వచ్చేసరికి వెలుగు పోతూ ఉంది. ఓదెలు చేతిలో చివరి పుల్ల చెమటకు మెత్తబడి, వంగి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు. పారేయడానికి చెయ్యి రాలేదు.

"ఉస్తాద్, దీన్ని ఏం చెయ్యాలె?"

"నీ దగ్గర ఉంచుకో."

"ఎన్ని రోజులు?"

"అది ఆగేదాక."

"ఏది?"

"నీ తూటా." ఉస్తాద్ గోడకు ఆనించిన చీపురు తీసుకున్నాడు. పొద్దున సగంలో వదిలిన వాకిలి ఇంకా అలాగే ఉంది. "అది ఇంకా పోతనే ఉన్నది బేటా."

ఆయన ఊడవడం మొదలుపెట్టాడు. ఓదెలు కాసేపు నిలబడి, తుపాకి గొంగడిలో చుట్టుకుని ఇంటిదారి పట్టాడు.

గట్టయ్య వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. వల ఒక కొసను కాలి బొటనవేలికి తగిలించి, ఎడమచేత్తో ముడి వేసి, పంటితో బిగిస్తున్నాడు. తమ్ముణ్ణి చూసి దారం నోట్లోంచి తీశాడు.

"చప్పుడు ఈడిదాక వచ్చింది. ఎంత తొందర కొట్టినవ్ రా. మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"మరి ఇంకేంది. పొద్దున పోయి దొరకు పైసలు కట్టి రా."

ఓదెలు అన్న పక్కన కూర్చుని, వల అంచు ఒళ్లోకి లాక్కుని, దానికి కట్టిన బరువులను ఒక్కొక్కటే వేళ్లతో తడుముకుంటూ పోయాడు. అన్నీ గుండ్రంగా, ఒకేలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఒక పక్క చదునై, అంచు తిరిగి, చేతికి గరుకుగా తగిలింది. అతని వేళ్లు అక్కడ ఆగాయి.

"అన్నా, ఇది ఆ పంది తొడల దొరికిందే గద?"

"అదే."

"ఎవరు కొట్టింది?"

"ఎవనికి ఎరుక? ఏ ఊరోడో, ఏ అడవిలనో." గట్టయ్య దారం మళ్లీ నోట పెట్టుకుని, పళ్ల మధ్యనుంచే అన్నాడు. "కొట్టి, చూడకుండ పోయిండు. అది కుంటుకుంటూ కుంటుకుంటూ మన చేన్లకొచ్చింది."

ఆ మాట అంటూనే ముడి బిగించి, వలలో తర్వాతి కన్ను వెతుక్కున్నాడు.

ఓదెలు ఆ సీసం ముక్కను చాలాసేపు వదలలేదు. తర్వాత లేచి, వేపపుల్లను చూరులో, రోజూ లేవగానే కంటపడే చోట దోపాడు.

"పొద్దున కోడికూతకే నన్ను లేపు," అన్నాడు.

"దొర కాడికా?"

"దొరకు తుపాకి మాపటి బండికి పోయి ఇచ్చి వస్త."

"ఇచ్చి వస్తవా? మరి?"

"కరీంనగర్‌ది తెద్దాం. చేత్తో తిప్పేది."

గట్టయ్య ముడి వేయడం ఆపి చూశాడు. "మరి కోడికూతకే లేచి ఏడికి పోతవ్?"

"వాగు ఒడ్డుకు," అన్నాడు ఓదెలు. "ఇసుక ఇంకా మొత్తం చూడలే."